దారి చెప్పే ధ్వని

గౌరవనీయులైన సంపాదకులకు,

వర్చువల్ రియాలిటీ గురించి పత్రికల్లో వచ్చే కథనాలు దాదాపుగా అన్నీ కంటి చుట్టూనే తిరుగుతాయి. తెర ఎంత స్పష్టంగా ఉంది, బొమ్మలు ఎంత సహజంగా కదులుతున్నాయి, హెడ్‌సెట్ ఎంత బరువుంది అన్న వివరాలతో అవి నిండిపోతాయి. ధ్వని ప్రస్తావన వస్తే చివరి పేరాలో, 'నిజంగా అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది' అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ కల్పిత పరిసరాల్లోకి అడుగుపెట్టిన మనిషి తానెక్కడున్నాడో గుర్తించడానికి, వెళ్లాల్సిన చోటు ఎటుందో తెలుసుకోవడానికి, వచ్చిన దారిన వెనక్కి మళ్లడానికి చెవి చేసే పని గురించిన చర్చ అరుదు. వర్చువల్ పరిసరాలను తయారుచేసేవారు ధ్వనిని దారి చూపే ఏర్పాటుగా, పటానికీ సూచిక బోర్డులకూ సమానమైన భాగంగా, నమూనా గీసే దశ నుంచే ఆలోచించాలన్నది ఈ లేఖలో నేను చెప్పదలచుకున్న విషయం. ఆటలకే పరిమితమైన సమస్య అయితే ఇంత పొడుగు లేఖ రాసేవాణ్ణి కాదు. అగ్నిమాపక సిబ్బంది శిక్షణ మొదలుకొని చూపులేనివారికి కొత్త భవనాలను పరిచయం చేయడం దాకా ఈ సాంకేతికతను వాడుతున్న రోజులివి.

ముందుగా, హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ఏమేం కోల్పోతాడో చూద్దాం. మామూలుగా మన రెండు కళ్లకూ కలిపి అడ్డంగా సుమారు 200 డిగ్రీల మేర దృశ్యం అందుతుంది. సాధారణ హెడ్‌సెట్లలో అది 90 నుంచి 110 డిగ్రీలకు కుంచించుకుపోతుంది. అంచుల్లో లీలగా కదిలేవాటిని పట్టుకునే చూపు పోవడంతో, పక్కన ఉన్న తలుపును చూడాలన్నా తల తిప్పక తప్పదు. ఎటు తిప్పాలో చెప్పేవాళ్లు ఎవరు? నాలుగు వైపులనుంచీ, వీపు వెనకనుంచి కూడా ఏకకాలంలో కబురు అందుకోగలిగింది చెవి ఒక్కటే. దీనికి తోడు, ఆ లోకంలో నడక కూడా చాలాసార్లు నిజం నడక కాదు. చేతిలోని మీట నొక్కితే దృశ్యం జరుగుతుంది తప్ప కాళ్లకు గానీ, లోపలి చెవిలోని సమతౌల్య అవయవానికి గానీ ఆ కదలిక తెలియదు. ఇంకొన్ని చోట్ల మనిషి ఉన్న చోట మాయమై మరో చోట తేలుతాడు. ఇలా ఉన్నపళంగా చోటు మారిపోయినప్పుడు మనుషులు దిక్కు తప్పిపోతారని 1997లోనే బౌమన్, కోలర్, హాడ్జెస్ అనే పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపించారు. అటువంటి క్షణంలో, ఒకే చోట స్థిరంగా ఉన్న ఫౌంటెన్ చప్పుడు ఇంతకుముందు కుడిచెవి వైపు వినిపించి ఇప్పుడు ఎడమ వైపుకు మారిందంటే, పటం తెరవకుండానే తాను ఎటు తిరిగాడో మనిషికి తెలిసిపోతుంది.

చెవి దిక్కును ఎలా పసిగడుతుందన్న ప్రశ్నకు బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో చెప్పిన సమాధానం ఇప్పటికీ పునాదిగానే ఉంది. శబ్దం ఒక పక్కనుంచి వస్తే దగ్గరి చెవికి ముందుగా, దూరపు చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, తల వెడల్పును దాటడానికి పట్టే తేడా మహా అయితే సెకనులో వెయ్యో వంతుకు కూడా తక్కువే, దాదాపు 0.6 నుంచి 0.7 మిల్లీ సెకన్లు. అంత చిన్న వ్యవధిని కూడా మెదడు ముక్కలుచేసి కొలవగలదు. అనుకూల పరిస్థితుల్లో సెకనులో లక్షో వంతు తేడాను పట్టుకోగలదు. అందుకే ఎదురుగా ఉన్న శబ్దం ఒక్క డిగ్రీ పక్కకు జరిగినా మనం గమనించగలం. ఈ కాలభేదం తక్కువ పౌనఃపున్యాల దగ్గర, అంటే సెకనుకు తక్కువ కంపనాలుండే బొంగురు శబ్దాల దగ్గర పనికొస్తుంది. కీచుమనే ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర తల నీడలా అడ్డుపడి దూరపు చెవికి శబ్దం తగ్గి వినబడుతుంది, మెదడు ఆ హెచ్చుతగ్గులను ఆసరా చేసుకుంటుంది. ఈ రెండింటికీ మధ్య ఒక బలహీనమైన మెట్టు ఉంది: సుమారు 3000 హెర్ట్జ్ దగ్గర మనుషులు దిక్కు చెప్పడంలో అత్యధికంగా పొరబడతారని స్టీవెన్స్, న్యూమన్ 1936లోనే గమనించారు.

ఈ పాత సంగతిని ఇప్పుడు తవ్వి తీయడానికి కారణం ఉంది. వర్చువల్ పరిసరాల్లో గమ్యాన్ని సూచించడానికి తయారీదారులు తరచుగా ఎంచుకునేది 'టింగ్' మనే శుద్ధమైన, చెవికి ఇంపైన ఒకే స్వరాన్ని. దిక్కు తెలుసుకోవడానికి అంతకన్నా పనికిరాని శబ్దం మరొకటి లేదనవచ్చు. అనేక పౌనఃపున్యాలు కలగలిసిన శబ్దం, అంటే నీళ్ల గలగల, ఆకుల గరగర, టకటకమనే చప్పుడు, వీటి చోటును చెవి ఇట్టే పట్టుకుంటుంది. నిలకడగా సాగే శబ్దం కంటే మొదలు స్పష్టంగా ఉండి, ఆగి ఆగి వినిపించే శబ్దం మరింత మేలు. ఎంపిక చేసేవారు శబ్దం అందాన్ని చూసుకునే ముందు, కళ్లు మూసుకుని దాని వైపు వేలు చూపించగలమా అని ఒకసారి పరీక్షించుకుంటే ఈ పొరపాటు అక్కడికక్కడే బయటపడుతుంది.

రెండు చెవుల మధ్య తేడాలు ఒక్కటే అయితే కథ అక్కడితో ముగిసేది. కానీ ముందునుంచి వచ్చే శబ్దానికీ, సరిగ్గా అంతే కోణంలో వెనకనుంచి వచ్చే శబ్దానికీ కాలభేదం ఒకటే. పైనుంచి, కిందనుంచి వచ్చేవాటిదీ అదే ఇబ్బంది. ఈ సందిగ్ధాన్ని మనం సాధారణంగా తల కాస్త తిప్పి తీర్చుకుంటామని హాన్స్ వాలక్ 1940లో ప్రయోగాలతో వివరించారు. దానితోపాటు చెవిడొప్పలోని మడతలు పైనుంచి, కిందనుంచి, వెనకనుంచి వచ్చే శబ్దాల్లోని ఎక్కువ పౌనఃపున్యాలను ఒక్కోరకంగా మారుస్తాయి, ఆ మార్పుల గుర్తులు మెదడుకు చిన్ననాటి నుంచీ అలవాటు. చెవిలో మైకు పెట్టి ఈ మార్పులను కొలిచి, అవే మార్పులను కంప్యూటర్‌తో హెడ్‌ఫోన్ల శబ్దానికి అద్దితే శబ్దం తల బయట, ఫలానా చోట ఉన్నట్టు వినిపిస్తుంది. నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో 1980ల చివర కన్వాల్వోట్రాన్ అనే యంత్రం ఈ పనిని అప్పటికప్పుడు, వినేవాడు తల తిప్పుతుండగానే చేసి చూపించింది. ఇప్పుడు అదే పని జేబులోని ఫోను చేస్తోంది.

ఇక్కడ మార్కెట్ చెప్పే మాటకూ, అవసరానికీ నడుమ కొంత ఎడం ఉందని నా అభిప్రాయం. 'మీ చెవికి తగ్గట్టుగా తయారుచేసిన ధ్వని' అన్న ప్రచారం ఇటీవల బాగా వినిపిస్తోంది. ప్రతి ఒక్కరి చెవిడొప్ప ఆకారం వేరన్నది నిజమే. వేరొకరి చెవి కొలతలతో వింటే ముందువెనకల గందరగోళం పెరుగుతుందని ఎలిజబెత్ వెంజెల్ బృందం 1993లో చూపింది. అయితే ఆ ప్రయోగంలోనే అడ్డంగా దిక్కు చెప్పడంలో చాలామంది బాగానే నెగ్గుకొచ్చారు. వినేవారిని తల తిప్పనిస్తే ముందువెనకల తికమక దాదాపుగా తొలగిపోతుందని వైట్‌మన్, కిస్లర్ 1999లో చూపారు. ఇంకో విశేషమేమిటంటే, చెవిలో అచ్చులు అమర్చి డొప్ప ఆకారాన్నే మార్చేసినా, కొన్ని వారాల్లో మెదడు కొత్త చెవులకు అలవాటుపడిందనీ, అచ్చులు తీసేయగానే పాత చెవులతో కూడా వెంటనే సరిగ్గా వినగలిగిందనీ నెదర్లాండ్స్‌కు చెందిన హాఫ్‌మన్, వాన్ ఒప్‌స్టాల్ బృందం 1998లో ప్రకటించింది. కాబట్టి దారి కనుక్కోవడమే ప్రధానమైన చోట ముందుగా చూడాల్సింది వ్యక్తిగత కొలతల సంగతి కాదు. తల తిప్పినప్పుడు శబ్దం తన చోటే తాను నిలిచి ఉందా, తల కదలికకు తగ్గట్టు శబ్దాన్ని సవరించడం సుమారు 60 మిల్లీ సెకన్లలోపే జరుగుతోందా అన్నవి ముందు చూడాలి. శబ్దం తలతోపాటు తిరిగిపోతే ఎంత ఖరీదైన ధ్వని అయినా దారి చూపడానికి పనికిరాదు. ఎత్తు మాత్రం మినహాయింపు. అది చెవిడొప్ప మీదే ఎక్కువగా ఆధారపడుతుంది గనుక పరాయి కొలతలతో బాగా దెబ్బతింటుంది. అందువల్ల గమ్యం పై అంతస్తులో ఉందన్న కబురును శబ్దం ఎత్తుకే వదిలేయకుండా, ఒక్కో అంతస్తుకు ఒక్కో రకం శబ్దం కేటాయించడం క్షేమం.

అసలు చిక్కు గోడల దగ్గర వస్తుంది. ఈ విషయం మీదే కాస్త ఎక్కువసేపు నిలబడాలనుకుంటున్నాను. నిజమైన భవనంలో పక్క గదిలో ఎవరైనా మాట్లాడుతుంటే ఆ మాట మనకు గోడలోంచి కాక తెరిచి ఉన్న తలుపు వైపునుంచి వినిపిస్తుంది. గోడ శబ్దాన్ని, ముఖ్యంగా ఎక్కువ పౌనఃపున్యాలను ఆపేస్తుంది. తలుపులోంచి వచ్చిన శబ్దం అంచుల దగ్గర వంగి మన వైపు వ్యాపిస్తుంది. అనేక మార్గాల్లో వచ్చిన శబ్దాల్లో ముందుగా చేరినదాన్నే మెదడు దిక్కుకు ప్రమాణంగా తీసుకుంటుందని 1949లో వాలక్, న్యూమన్, రోజెన్‌జ్వైగ్ ఒకవైపు, హెల్మట్ హాస్ మరోవైపు నిరూపించారు. పర్యవసానంగా వినబడే దిక్కు, నడవాల్సిన దిక్కు చాలాసార్లు ఒకటే అవుతాయి. మాట వినబడిన వైపు నడిస్తే తలుపు దొరుకుతుంది, తలుపు దాటితే మనిషి దొరుకుతాడు. చీకట్లో కూడా మనం ఇంట్లో తిరగగలగడానికి ఇది ఒక కారణం.

చాలా వర్చువల్ పరిసరాల్లో లెక్క ఇలా ఉండదు. శబ్దం ఉన్న బిందువునుంచి వినేవాడి తల దాకా ఒక సరళరేఖ గీసి, దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెళ్లు తగ్గించి ఊరుకుంటారు. మధ్యలో గోడ ఉందా, అంతస్తు ఉందా అన్నది పట్టించుకోరు. మరికొంత శ్రద్ధ ఉన్నవారు గోడ అడ్డొస్తే శబ్దాన్ని మందగింపజేస్తారు గానీ దిక్కును మార్చరు. దాంతో వాడేవాడు శబ్దం వైపు నడిచి నేరుగా గోడకు ముఖం ఆనించి నిలబడతాడు. అక్కడినుంచి ఎటు వెళ్లాలో శబ్దం చెప్పదు సరికదా, 'ఇక్కడే, ఇంకా ముందుకు' అని పిలుస్తూనే ఉంటుంది. శబ్దాన్ని తలుపుల గుండా, నడవల గుండా ప్రయాణింపజేసే పద్ధతులు ధ్వని సాఫ్ట్‌వేర్లలో ఇప్పటికే ఉన్నాయి, కాంతికి వాడే కిరణాల లెక్కను శబ్దానికీ వాడేవి కూడా ఉన్నాయి. వాటిని వాడకపోవడానికి కారణం సాంకేతిక అసాధ్యత ఎంతమాత్రమూ కాదు. ధ్వని పనిని చివరి వారాలకు నెట్టేయడం వల్ల, తలుపులెక్కడ, గోడలెక్కడ అన్న వివరం అప్పటికి ధ్వని విభాగం చేతికి సరైన రూపంలో అందడం లేదు.

ఆటలో ఇది చిరాకు కలిగించి ఊరుకుంటుంది. శిక్షణలో మాత్రం దీని పర్యవసానం వేరుగా ఉండొచ్చు. పొగ నిండిన భవనంలో చిక్కుకున్న మనిషి కేకను విని అటు చేరుకోవడం నేర్పే కార్యక్రమంలో, గోడల గుండా సూటిగా వచ్చే కేకను నమ్మడం నేర్చుకున్న సిబ్బంది నిజమైన భవనంలో ఏ అలవాటుతో అడుగులేస్తారు? తప్పుడు పటం చేతికిచ్చి ఊరు నేర్పడానికి ఎవరూ ఒప్పుకోరు. తప్పుడు శబ్దం విషయంలో మాత్రం ఎవరూ అడగరు. బహిరంగ మైదానంలో గమ్యానికి సరళరేఖలో ఉన్న శబ్దం చాలు, ఎందుకంటే అక్కడ చూపిన దిక్కే దారి. భవనం లోపల శబ్దం దారినే అనుసరించాలని నా వాదన. రెండు పద్ధతులనూ ఒకే చోట కలిపితే వాడేవారికి ఏది నమ్మాలో తెలియదు కాబట్టి, ఏదో ఒకటి నిర్ణయించుకుని చివరిదాకా దానికే కట్టుబడాలి.

శబ్దం ఎక్కడినుంచి వస్తోందన్నది ఒక ఎత్తయితే, ఆ శబ్దం మన చుట్టూ ఉన్న చోటు గురించి చెప్పేది మరో ఎత్తు. ఇరుకైన నడవలో అడుగుల చప్పుడు దగ్గరగా, బిగుతుగా వినిపిస్తుంది. పెద్ద హాల్లోకి రాగానే అదే అడుగుకు వెనక ప్రతిధ్వని సాగుతుంది. పక్కన గోడ ముగిసి సందు తెరుచుకున్నచోట ఆ వైపు శబ్దం ఒక్కసారిగా ఖాళీ అయినట్టు ఉంటుంది. చూపులేనివారు అడ్డంకిని దూరంనుంచే పసిగట్టడం ముఖచర్మంతో అని ఒకప్పుడు నమ్మేవారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో సూపా, కాట్జిన్, డాలెన్‌బాక్ 1944లో ప్రచురించిన ప్రయోగాల్లో చెవులు మూసేస్తే ఆ శక్తి మాయమైందని, అంటే పని చేస్తున్నది చర్మం కాదు, ప్రతిధ్వనులని తేలింది. నోటితో టక్కుమని చప్పుడు చేసి ప్రతిధ్వనులతో దారి చూసుకునే ఇద్దరు చూపులేని వ్యక్తుల మెదడులో, ఆ ప్రతిధ్వనుల రికార్డింగులు వింటున్నప్పుడు చూపుకు సంబంధించిన భాగం చురుగ్గా పనిచేసిందని లోర్ థేలర్ బృందం 2011లో వెల్లడించింది. ఇంత సమాచారం ప్రతిధ్వనిలో ఉండగా, భవనమంతటికీ ఒకే ప్రతిధ్వనిని పరిచి వదిలేయడం ఎన్నో వర్చువల్ పరిసరాల్లో మామూలైపోయింది. నడవ దాటి హాల్లోకి వచ్చామన్న కబురు కంటికి తప్ప మరెవరికీ అందదు. దూరం అంచనాకు కూడా ప్రతిధ్వనే ఆధారం: నేరుగా వచ్చిన శబ్దానికీ, గోడలకు తగిలి వచ్చినదానికీ ఉన్న నిష్పత్తి మారడాన్ని బట్టి మూలం దగ్గరైందో దూరమైందో చెవి లెక్కేస్తుంది. ఆ లెక్క మొరటుదే. మనుషులు అతి దగ్గరి శబ్దాలను కాస్త ఎడంగా, దూరపు శబ్దాలను దగ్గరగా ఊహించుకుంటారు. అందుకే దూరాన్ని కచ్చితంగా చెప్పాల్సిన చోట చప్పుళ్ల నడుమ విరామం తగ్గిస్తూ పోవడం వంటి ఉపాయం తోడు కావాలి.

ఇటువంటి కల్పిత సంకేతాలు కొత్తవేమీ కావు. అమెరికాలో 1920ల చివరినుంచి ఏర్పాటైన రేడియో మార్గాల్లో విమాన చోదకుడు హెడ్‌ఫోన్లలో మోర్స్ కోడ్, అంటే చుక్క అనే పొట్టి మోత, గీత అనే పొడుగు మోత వింటూ ప్రయాణించేవాడు. మార్గానికి ఒక పక్క జరిగితే చుక్క, గీత. మరో పక్కకు జరిగితే గీత, చుక్క. సరిగ్గా మార్గంలో ఉంటే ఆ రెండూ ఒకదాని ఖాళీలో మరొకటి ఇమిడిపోయి నిరంతరాయమైన ఒకే మోతగా వినిపించేవి. 1930లలో జర్మనీలోని లోరెంజ్ సంస్థ రూపొందించిన దిగుడు వ్యవస్థ కూడా ఇదే సూత్రం మీద పనిచేసింది. మబ్బుల్లో ఏమీ కనబడని చోదకుడికి చుట్టూ ఉన్న లోకంలో లేని ఒక శబ్దాన్ని సృష్టించి, దాని ఆధారంగా నేలకు దించడం అప్పటికే సాధ్యమైంది. వర్చువల్ పరిసరాల రూపకర్తలు సహజమైన శబ్దాలకే కట్టుబడనవసరం లేదని చెప్పడానికి ఇంతకంటే పాత సాక్ష్యం వెతకక్కర్లేదు. అయితే ఆ పద్ధతికి ఒక పరిమితి ఉంది. మార్గం మీద ఉన్నావా, తప్పావా అన్నదే అది చెబుతుంది. ఆ ప్రాంతం ఎలా ఉందో మనసులో పటం గీసుకోవడానికి తోడ్పడదు.

ఈ తేడా చిన్నది కాదు. 'వంద అడుగులు నడిచి కుడికి తిరగండి' అని చెప్పే గొంతుకు విధేయంగా నడిచినవాడు గమ్యం చేరతాడు గానీ, ఆ గొంతు ఆగిపోతే నిస్సహాయుడవుతాడు. గమ్యం ఉన్న దిక్కులోనే నిలిచి మోగుతూ, దారిని ఎంచుకునే పనిని మనిషికే వదిలేసే శబ్దం వేరే రకమైన సాయం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా ప్రాంగణంలో జాక్ లూమిస్, రెజినాల్డ్ గొలెజ్, వారితో కలిసి రాబర్టా క్లాట్జ్‌కీ చూపులేనివారి కోసం చేసిన పరిశోధనలో, చోటును ఆ చోటునుంచే పలికించినట్టు వినిపించే పద్ధతి మిగతావాటికంటే మెరుగ్గా దారి చూపిందని 1998లో ప్రచురించారు. మైక్రోసాఫ్ట్ 2018లో విడుదల చేసిన సౌండ్‌స్కేప్ అనే ఫోను యాప్ ఇదే మార్గంలో నడిచింది. 2023లో దాని సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచారు. శబ్దాన్ని దిక్సూచిగా వాడి తమంతట తాము దారి వెతుక్కున్నవారు, మలుపు మలుపుకూ సూచనలు విన్నవారికంటే ఆ ప్రాంతపు పటాన్ని మనసులో మరింత సరిగ్గా నిర్మించుకున్నారని 2021లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తెలిపింది.

చూపులేనివారికి సంబంధించి నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది లోత్ఫీ మెరాబెట్, హైమె సాంచెజ్, వారి సహచరులు 2012లో ప్రచురించిన పని. ఒక నిజమైన భవనాన్ని శబ్దాలతోనే నడిచే కంప్యూటర్ ఆటగా మలిచి, చూపులేని కొందరికి ఆ ఆటగా పరిచయం చేశారు. వాళ్లు ఆటలో నిధులు వెతుకుతూ, రాక్షసులనుంచి తప్పించుకుంటూ తిరిగారు. మరికొందరికి అదే సాఫ్ట్‌వేర్‌లో దారులను వరసగా పాఠంలా చెప్పారు. తర్వాత అందరినీ అసలు భవనంలోకి తీసుకెళ్తే రెండు బృందాలూ దారి కనుక్కోగలిగాయి. కానీ బయటకు వెళ్లే అతి దగ్గరి దారిని ఎంచుకోవడంలో ఆడుకున్నవారే ముందున్నారు. ఎవరో చెప్పిన దారిని బట్టీపట్టడానికీ, తనకు తానుగా తిరిగి చోటును ఆకళింపు చేసుకోవడానికీ ఉన్న తేడా ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. పెద్ద వ్యాపార ఆటల్లోనూ మార్పు మొదలైంది. 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' ఆటలో 60కి పైగా సౌలభ్య ఎంపికలు ఉన్నాయి, వాటిలో చూపులేనివారికి శబ్దంతో దారి చెప్పేవీ ఉన్నాయి. 2023 నాటి 'ఫోర్జా మోటార్‌స్పోర్ట్' రేసింగ్ ఆటలో చూపులేనివారు ధ్వని సూచనలతో కారు నడపగలరు. ఇవన్నీ నిర్మాణ దశలోనే అనుకుని చేసినవి. ఆట పూర్తయ్యాక పైన అతికించి ఉంటే ఇంత దూరం వచ్చేవి కావు.

ఎదుటి వాదనకు కూడా చోటివ్వాలి. కంటికీ చెవికీ పేచీ వస్తే గెలిచేది సాధారణంగా కన్నే; తెర మీద కదిలే పెదవులనుంచే మాట వస్తున్నట్టు మనకు తోచడానికి అదే కారణం. శబ్దం సూచించిన చోటికీ, కనిపించే వస్తువుకూ చిన్న తేడా ఉన్నా పెద్దగా నష్టం లేదంటే అంతవరకు నిజమే. కానీ ఆ సర్దుబాటు వస్తువు కళ్లముందు ఉన్నప్పుడు మాత్రమే దొరుకుతుంది. దారి తప్పినవాడికి కావలసింది కళ్లముందు లేని వస్తువు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: అందరికీ రెండు చెవులూ సమానంగా వినబడవు. వినికిడి లోపంవల్ల తోడ్పాటు అవసరమైనవారు ప్రపంచంలో 43 కోట్లమందికి పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక చెవి పూర్తిగా వినబడనివారికి నేను పైన చెప్పిన కాలభేదం, హెచ్చుతగ్గుల సంకేతాలు రెండూ అందవు. వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2021లో వెలువరించిన వర్చువల్, ఆగ్మెంటెడ్ రియాలిటీ అవసరాల పత్రం రెండు చెవులకూ ఒకే శబ్దం వినిపించే ఏర్పాటు ఉండాలని గుర్తుచేసింది కూడా. ఆ ఏర్పాటు పెట్టుకున్నవారికి దిక్కు సమాచారం పోతుంది కనుక, శబ్దం చెప్పే ప్రతి దారి సూచనా తెర అంచున గుర్తుగానో, చేతిలోని పరికరం కంపనంగానో మరో రూపంలో దొరకాలి. ధ్వనికి ప్రాముఖ్యం ఇవ్వమన్నానంటే ధ్వని ఒక్కదాని మీదే భారం వేయమని నా ఉద్దేశం కాదు.

సంగీతం గురించి కూడా ఒక మాట. నేపథ్య సంగీతం మీద నాకు కోపం లేదు. కానీ తలకు అంటుకుని, ఎటు తిరిగినా రెండు చెవుల్లో అలాగే మోగే సంగీతం దారి చెప్పే చిన్న చిన్న శబ్దాలన్నిటినీ కప్పేస్తుంది. అదే సంగీతాన్ని ఒక గదిలో ఉంచి, ఆ గదినుంచి వస్తున్నట్టు వినిపిస్తే అదే గొప్ప గుర్తు అవుతుంది. శబ్దాల సంఖ్య విషయంలోనూ అంతే. పది వస్తువులు ఒకేసారి పలికితే చెవి ఏదీ పట్టుకోలేదు కాబట్టి, ఏ క్షణాన ఏది నోరు మూసుకోవాలో కూడా రూపకల్పనలో భాగమే.

ఇటువంటి కార్యక్రమాలను కొనే శిక్షణ సంస్థలకూ, విద్యాలయాలకూ ఒక సులువైన పరీక్ష సూచిస్తాను. ఒప్పందం మీద సంతకం చేసే ముందు తెరను పూర్తిగా ఆపేసి, ఆ పరిసరాలు తెలియని ఒకరిని హెడ్‌ఫోన్లతో లోపల నిలబెట్టి, తలుపు దాకా వెళ్లమనండి. చేరకపోయినా ఫరవాలేదు, ఎక్కడ ఆగిపోయారో చూడండి. గోడ దగ్గర ఆగిపోతే శబ్దం గోడలోంచి వస్తోందన్నమాట. ఒకే చోట గిరగిరా తిరుగుతుంటే శబ్దం తలతోపాటు తిరుగుతోందన్నమాట. తయారీదారును ఏం సరిచేయమని అడగాలో అంతలోనే తెలిసిపోతుంది. మీ పత్రిక సాంకేతిక పేజీలో హెడ్‌సెట్ల, ఆటల సమీక్షలు రాసేవారికి కూడా ఇదే విన్నపం: తెర స్పష్టతకు కేటాయించే స్థలంలో రెండు వాక్యాలు తగ్గించి, తల తిప్పినప్పుడు శబ్దం నిలిచి ఉందా, పక్క గది శబ్దం తలుపునుంచి వచ్చిందా, గోడనుంచి వచ్చిందా, ఒక్క చెవితో వినేవారికి ప్రత్యామ్నాయం ఉందా అన్న మూడు సంగతులు రాయండి. కొనేవారు ఆ ప్రశ్నలు అడగడం మొదలుపెడితే తయారీదారులు ధ్వని విభాగాన్ని మొదటి సమావేశానికే పిలుస్తారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు